మేక మూతి అందినంత మేర

1987 ఆగస్టులో నన్ను తెనాలి నుంచి రేపల్లె దిగువన ఒక పల్లెటూరి పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు ఘనమే గానీ, నా కింద ఉన్నది ఒక కాంపౌండరు, ఒక అటెండరు. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే రెండు కుటుంబాలూ ఇంకా అక్కడే ఉన్నాయి.

సాయంత్రం ఆసుపత్రి కట్టేశాక కాలువ గట్టు వెంట నడిచేవాణ్ణి. బాపట్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మా నాన్న దగ్గర అబ్బిన అలవాటది. డాక్టరుగారికి షుగరుందని ఊరు తేల్చేసింది. పెరట్లో కరివేపాకు ఎండుతున్నా పట్టదు గానీ గట్టు మీద ప్రతి గడ్డిపోచా కావాలని మా ఆవిడ సాధించేది. పశువుల డాక్టరుకి గడ్డిపోచ కాక ఇంకేం కావాలో నాకు ఇప్పటికీ తెలీదు.

వానాకాలంలో గట్టు దిగువ తడిలో గుంటగలగర తెల్లగా పూసేది. కార్తీకం దాటాక ఉత్తరేణి గింజలు ప్యాంటుకి అంటుకుని ఇంటిదాకా వచ్చేవి. వరి కోతలయ్యాక చేలల్లో మినుము, పశువుల మేతకి చల్లిన పిల్లిపెసర పచ్చగా లేచేవి. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ పచ్చదనమంతా పోయేది. మిగిలేవి జిల్లేడు, నేలవాకుడు, తూటికాడ. ఊదారంగు గరాటు పూల తూటికాడని రైతులు చేల చుట్టూ కంచెగా నాటేవారు. కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. పైగా మేక దాన్ని ముట్టదని అందరికీ ధీమా.

మరుసటి వేసవిలో మరియమ్మ చచ్చిన మేకని రిక్షాలో వేసుకొచ్చింది. ఆమె వ్యవసాయ కూలీ. కూలి దొరకని ఆ నెలల్లో ఇల్లు నడిచేది మేకల మీదే. మిగతా మేకలు కూడా తలలు ఊపుతూ, వెనక కాళ్లు తూలుతూ నడుస్తున్నాయని చెప్పింది. రైతు వెంకట్రామయ్యగారు తన చేను తూటికాడ కంచె వెంట గడ్డి మీద పురుగుమందు కొట్టించాడని ఆమె ఆరోపణ. ఏళ్ల తరబడి ఆమె కూలి చేసింది ఆయన చేలోనే. చలికాలంలో మేకలు మినుము చేలో పడ్డప్పుడు, వీటి సంగతి చూస్తానని ఆయన నలుగురిలో అన్న మాట నిజమే. సర్టిఫికెట్ రాసిస్తే స్టేషన్‌కి వెళతానంది.

ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. పోస్టుమార్టం నివేదికలో విషప్రయోగమని అనుమానం రాస్తే పోలీసులు కేసు కడతారు. పొట్టలోని భాగాలు ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టి, సీలు వేసి పరీక్షకి పంపాలి. జవాబు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా మరియమ్మకి ఆ చేలో పని పోతుంది, మిగిలిన మేకలు ఎలాగూ పోతాయి. రాయకపోతే డాక్టరు కామందుల మనిషని ఆమె ఉండే పేటంతా అంటుంది. నాకు బెంగగానే ఉంది.

మేకని కోసి చూశాను. పురుగుమందు తాగిన జీవం చొంగ కార్చుకుని, కొట్టుకుని గంటల్లో పోతుంది. ఇది వారాల తరబడి చిక్కి చచ్చింది. పొట్టలో నమిలిన ఆకు ముద్ద ఉంది. అప్పుడు ఆ కంచె గుర్తొచ్చింది. వానాకాలంలో అది కింది నుంచి పైదాకా ఆకే. మొన్న నడకలో చూసినప్పుడు, మేక మూతి అందినంత మేర ఒట్టి పుల్లలు, ఆ పైన పచ్చని ఆకు. కత్తిరించినట్టు గీత కనిపించింది.

ఇద్దరినీ కంచె దగ్గరికి పిలిపించాను.

"మా మేకలు ఆ ఆకు ముట్టవండి. పుట్టిన కాడ్నించి చూత్తన్నాను," అంది మరియమ్మ.

"ముట్టవనే కదండీ నేను కంచె ఏసింది," అన్నాడు వెంకట్రామయ్యగారు.

తగువు పెట్టుకున్నవాళ్లు ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే. ఇక నేను వాదించలేదు. తూలుతున్న మేకనొకదాన్ని పట్టుకురమ్మని, గట్టు మీద గుప్పెడు ఎండు పిల్లిపెసర మేత పెట్టించి తాడు వదిలేయమన్నాను. అది మేత దాటుకుని, తల ఊపుకుంటూ కంచె దగ్గరికి పోయింది. వెనక కాళ్ల మీద లేవబోయి పడింది. మళ్లీ లేచి, పై ఆకు అందుకుని నమిలింది.

ఆకలికి మొదలుపెట్టినా, రుచి మరిగాక వేరే మేత ఉన్నా దాన్నే వెతుక్కుంటాయని చెప్పాను. దీనికి విరుగుడు మందు లేదు. ఆ ఆకు అందకుండా కట్టేసి మేపితే, జబ్బు ముదరనివి కోలుకోవచ్చు.

వెంకట్రామయ్యగారు కంచె కొమ్మ ఒకటి విరిచి పడేశాడు. "ఇది పీకిచ్చేత్తాలే. వానలు పడేదాకా మా వామిలో పిల్లిపెసర అట్టుకెళ్లు," అన్నాడు.

మరియమ్మ తలొంచుకుంది. "మిమ్మల్ని పేటలో శానా మాటలన్నానండి."

"ఇనపడ్డాయిలే," అన్నాడాయన.

నివేదికలో మొక్క విషమని, మనిషి ప్రమేయం కనిపించలేదని రాశాను. తూటికాడ ఒక పట్టాన చావదు, వేళ్లతో తవ్వించాల్సి వచ్చింది. ఆ తవ్వకం కూలికి మరియమ్మే వెళ్లింది. మేకల్లో కొన్ని నిలిచాయి. కంచె దగ్గర పడి లేచిన మేక మాత్రం బతికినన్నాళ్లూ తల ఊపుతూనే ఉంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, జబ్బుపడ్డ జీవాన్ని తెచ్చినవాళ్లని ఏం తిందని ముందుగా అడగలేదు. తినడానికి ఇంకేం ఉందని అడిగేవాణ్ణి.