ఏలంపాట నాయకర్ పళ్ళు

1932 ఆగస్టులో నన్ను సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా కోవిల్‌పట్టిలోని ఒక ఆసుపత్రికి వేశారు. డాక్టర్లలో అది అట్టడుగు హోదా. మద్రాసులో ఆరు నెలలు సూక్ష్మజీవుల పరీక్ష నేర్చుకొని వచ్చాను కనుక మైక్రోస్కోపు పని నాకే అప్పగించారు. ఆ పని నాకు ఇష్టం కూడా.

నెల తిరక్కముందే విరుదునగర్ నుంచి రంగసామి నాయకర్, ఆయన భార్య కొండమ్మ రైల్లో వచ్చారు. ఆయన అక్కడి మిరపకాయల మండీలో ఏలం, అంటే వేలం ధరలు, అరిచి చెప్పే మనిషి. మోకాళ్ళ నొప్పి అని వచ్చాడు. చూస్తే కుడివైపు కింది దవడ పళ్ళు రెండు పుచ్చిపోయి ఉన్నాయి. మా పై అధికారి అసిస్టెంట్ సర్జన్ కేసు షీటు మీద "పళ్ళన్నీ తీసివేయవలెను" అని రాసి, శనివారానికి పెట్టారు. అందులో వింత లేదు. నోటిలోని క్రిముల విషం రక్తంలో కలిసి కీళ్ళకు దిగుతుందని ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు నమ్మేవారు.

మా ఇంటి మాటా తెలుగేనని విని నాయకర్ నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరయ్యా, పండ్లన్నీ పోతే ఏబై ఏది, తొంబై ఏది అని ఎవరికి తెలుస్తాది? ఏలం ఎట్ల చెప్పేది? మోకాలి నొప్పి ఉంటే ఉండనీ. నా నోరు వదిలిపెట్టండి."

"రెండు దినాలుగా కూడు తినలేదయ్యా," అంది కొండమ్మ.

అధికారి రాసింది తప్పని చెప్పే హోదా నాది కాదు. పరీక్ష చేసే హక్కు మాత్రం ఉంది. పుచ్చు పన్ను నుంచి, బాగున్న ముందుపన్ను నుంచి పాచి గీకి, గాజుపలకల మీద పులిమి, రంగు వేసి చూశాను. రెండింటిలోనూ సంత కూడినట్టు క్రిములు: పూసల దండల్లాంటివి, పుల్లల్లాంటివి, దారాల్లాంటివి. పుచ్చులో దండలూ పుల్లలూ ఎక్కువ, అంతే తేడా. ఏ వైపు నములుతావని అడిగితే నాయకర్ అసలు సంగతి చెప్పాడు.

"అరిచి అరిచి గొంతు ఎండిపోతాదయ్యా. పొద్దున నుంచి మద్యాన్నం దాకా కరుపట్టి తుండు కుడి దవడలో పెట్టుకొంటాను."

కరుపట్టి అంటే తాటిబెల్లం. ఆమ్లం తగిలితే ఎర్రబడే లిట్మస్ నీలాన్ని, క్రిములను పెంచడానికి వాడే మాంసరసంలో కలిపి నాలుగు గొట్టాల్లో పోశాను. రెండింటిలో ఆ బెల్లం వేశాను, రెండింటిలో వేయలేదు. ఒక్కో జతలో ఒకదానికి పుచ్చు పాచి, ఒకదానికి మంచి పన్ను పాచి కలిపి, ఒంటి వేడిలో ఉంచే పెట్టెలో పెట్టాను. బెల్లం వేసినవి రెండూ ఎర్రబడ్డాయి, పుచ్చుది ముందుగా, రెండోది నింపాదిగా. బెల్లం లేనివి నీలంగానే ఉన్నాయి. అంటే బెల్లం దొరికితేనే ఆ క్రిములు పన్నును తినే ఆమ్లం పుట్టిస్తున్నాయి.

శుక్రవారం అధికారికి గొట్టాలతో పాటు మూడు పలకలు చూపించాను. వాటి మీద పేర్లు లేవు, అంకెలే. మూడోది చూసి, ఈ నోరూ చెడిందే, ఎవరిదని అడిగారు. నాదేనని, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయని చెప్పాను. ఆయన కొత్త పలక తెప్పించి, తన పన్ను తానే గీకి పులిమి, రంగు వేయమని నాకిచ్చారు. ఆ పలకలోనూ అదే సంత; చాలాసేపు చూశారు. తరువాత కేసు షీటు మీది ఆజ్ఞ కొట్టేసి, పుచ్చినవి రెండే తీసి మిగతావి మూడు నెలలు గమనించాలని రాశారు. మర్నాడు ఆ రెండూ తానే పీకారు.

మూడు నెలలకు నాయకర్ మళ్ళీ వచ్చాడు. కరుపట్టి మానేశాడు, నోరు శుభ్రంగా ఉంది. మోకాళ్ళ నొప్పి మాత్రం మునుపటిలాగే వస్తూ పోతూ ఉంది. కాంపౌండర్ అడిగితే వరండాలోని బల్లను ఏలం పాడి చూపించాడు. ప్రతి అంకె ఖణీమని వినిపించింది. మా అధికారి గుమ్మంలో నిలబడి రెండుసార్లు పాట పెంచారు.

క్రిములు కనిపించడం వేరు, రోగానికి అవే కారణమని తేలడం వేరు. పదవీ విరమణ దాకా, ఆరోగ్యవంతుడి పలక పక్కన పెట్టి చూడకుండా నేను ఏ నివేదిక మీదా సంతకం చేయలేదు.