కరెంటు పోయినా కాగిన గీజరు

ఆ రోజుల్లో, అంటే నాకు కొత్తగా ఉద్యోగమూ, దానితోపాటు అన్నీ తెలుసునన్న అహంకారమూ వచ్చిన రోజుల్లో, ఇంటికి ఒక వస్తువు కొంటే ఇంట్లో ఒక కష్టం తీరిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం మీద నీళ్ళు పోసింది ఒక గీజరు. (నిజానికి అది నీళ్ళు కూడా పోయలేదు.)

పలాసలో జీడిపప్పు కొట్టులో గుమస్తాని. మందస దగ్గర మా ఊళ్ళో వేణ్ణీళ్ళంటే పెరట్లో కాగు కింద జీడి తొక్కల మంటే. ఆ తొక్కలు ఎంత బాగా మండుతాయో అంత ఘాటైన పొగ చిమ్ముతాయి. అమ్మ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఊదుతూ ఉండేది. అంతలో మా అప్ప, అంటే అక్క, పురిటికి వచ్చింది. ఇక తల్లికీ బిడ్డకీ పూటపూటా వేణ్ణీళ్ళే. ఈ పొగలో అమ్మ కళ్ళు దక్కవని నాకు భయం పట్టుకుంది.

గీజరు కొంటానన్నాను. ఏ గీజరన్నది మాత్రం తేలలేదు. "టేంకీ ఉన్నదే కొనరా. మన కరెంటు సంగతి తెల్దేటి? ఉన్నప్పుడు కాగబెట్టుకుంటే పోయినప్పుడు వాడుకోవచ్చు" అని మావయ్య. "ఇన్‌స్టంటే తీస్కో బావా. పిల్లోడు ఏడుత్తంటే టేంకీ కాగీదాకా కూకుంటావేటి?" అని టెక్కలి బావ, అంటే అప్ప మొగుడు. మావయ్య మాట్లాడితే మావయ్యదీ, బావ మాట్లాడితే బావదీ సబబుగా తోచేది. సాయంత్రమైతే మా ఊరి ఓల్టేజికి బల్బే మిణుకుమిణుకుమనేది. ఆ కరెంటుకి ఇన్‌స్టంటు ఎక్కడ కాగుతుందని, చివరికి టేంకీదే కొన్నాను. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

మావయ్య పక్కన నిలబడి చూస్తుంటే, నేనూ బావా కలిసి స్నానాల గది గోడకి బిగించాం. కుళాయి తిప్పాను. చుక్క రాలేదు. మళ్ళీ తిప్పాను. అప్పుడు ముగ్గురమూ ఒకేసారి తలెత్తి ఇంటి కప్పు వైపు చూశాం. మాది బావినీళ్ళ కొంప. పైన ట్యాంకు లేదు, గోడలో పైపు లేదు. గీజరులో టేంకీ ఉండాలా వద్దా అని ఇన్నాళ్ళు కొట్టుకున్నాం గానీ, ఇంటిమీద ఒకటి ఉండాలని ఒక్కడికీ తట్టలేదు.

"పోన్లే బావా, ఇన్‌స్టంటైనా ఇంతే" అని బావ ఓదార్చాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

బారసాలకి అప్ప అత్తగారు బంధువులతో దిగారు. "మావోడు గీజరు తెచ్చేడొదినా" అనేసింది అమ్మ. నేను నోరు తెరిచేలోపే, "అది తిప్పడం మీకు తెల్దు, నేనే పట్టి పెడతాను" అని కూడా అనేసింది. ఇంకేముంది, వచ్చినవాళ్ళందరికీ గీజరు స్నానాలే కావాలి! రెండోసారి పోసుకున్నవాళ్ళూ ఉన్నారు. గొడ్ల సాల వెనక ఇంకో కాగు ఎక్కింది. నేను తొక్కలు వేస్తుంటే అమ్మ దొడ్డిదారిన బకెట్లు మోసింది. మధ్యలో కరెంటు పోయింది. వేణ్ణీళ్ళు మాత్రం ఆగలేదు.

"కరెంటు లేకండా ఎలా కాగుతన్నాయన్నయ్యా?" అని అత్తగారికి అనుమానం వచ్చింది.

"టేంకీది కదా సెల్లెమ్మా! అందుకే అదే కొనమన్నాను" అన్నాడు మావయ్య, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఏ పొగ తప్పిద్దామని కొన్నానో ఆ పొగ రెండింతలయింది. అమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నిజం సెప్పేత్తానమ్మా. నా పరువు పోతే పోనీ" అన్నాను.

"నోర్ముయ్. మీ అప్ప అత్తగారు ఏటందో తెలుసా? టెక్కల్లో తమ గీజరుకి కూడా ఇలాటి నీళ్ళు రావంట!" అని నవ్వింది. దగ్గింది. మళ్ళీ నవ్వింది.

పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న ఆ గుమస్తాని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వాడు ఏడుస్తున్నది పొగకని అమ్మ అనుకుంది. "నీకీ పొగ పడదురా, అవతలికి పో" అని నన్ను లేపేసి, తనే పొయ్యి ముందు కూర్చుంది.