సలోమి మూడో క్యాసెట్టు

నా బీరువాలో చీరల కింద ఒక క్యాసెట్టు ఉంది. పాతికేండ్లుగా దాని బరువు నా గుండెల మీదుంది. మా ఆయనకు చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు. నీకు చెప్తున్నా. మధ్యలో ఏమీ అనకుండా విను.

సలోమీ నేనూ మార్కాపురం పలకల కార్ఖానాలో పక్కపక్కన కూచోని పలకలు రుద్దేవాళ్లం. చర్చిలో పాటంటే నేనే. గొప్పలు కాదు, నా గొంతు అట్లాంటిది. దానిదేమో బొంగురు. కానీ ఆ పిల్ల చేసే పాటలు! పలక మీద ఆకురాయి గీరే చప్పుడు, కొనకనమిట్ల బస్సు హారను, వాళ్లమ్మ తిట్లు, అన్నీ టేపురికార్డర్లో పట్టుకొచ్చి కీబోర్డుతో కలిపి పాడేది. ఇదేం పాటే తల్లీ అని నవ్వినా. జనం నవ్వలేదు. రెండు క్యాసెట్లు వస్తే ఏ ఆటో ఎక్కినా అవే. నన్ను చూసి "సలోమి స్నేహితురాలు గదా" అనేవాళ్లు. ఏం, నాకు పేరు లేదా? కడుపు మండిపోయేది.

మూడోది తయారైనాక, వాళ్ల రేకులిల్లు కారుతుందని, ఒరిజినల్ నా చేతికిచ్చి దాచమంది. కాపీ లేదు. దాని మీద ఇంకేమీ ఎక్కకుండా పైనున్న రెండు చిన్న ముక్కలు విరిచేసింది. నేను ఆ బొక్కల మీద సెల్లోటేపు అంటించి, రెండు వైపులా నా క్రిస్మస్ పాటలు రికార్డు చేసినా. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేకనా? ఉంది. చూసుకోకుండా చేసినానని, చేతికి దొరికింది తీసినానని ఎన్నేండ్లు నాకు నేను చెప్పుకున్నానో, కానీ సెల్లోటేపు పొరపాటున అంటుకుంటుందా? చెరిపే ముందు ఒక్కసారి కూడా వినలేదు. బాగుంటుందేమోనని భయం.

సలోమి వచ్చి అడిగితే ఎలకలు కొరికినాయని చెప్పినా. ఏడ్చింది. మళ్లీ పాట జోలికి పోలేదు.

పోయిన నెల హైదరాబాదు పిల్లలెవరో ఆ రెండు క్యాసెట్లనూ గ్రామఫోనుకు పెట్టే పెద్ద రికార్డులుగా మళ్లీ వేసినారు. సలోమి తెచ్చిచ్చింది. అట్ట మీద పలక పట్టుకోని దాని ఫొటో. ఈ వయసులోనూ నాకు కుళ్ళే.

"మూడోది గూడా ఉంటే వేసేవాళ్లంట అక్కా."

"ఎలకలు కొరికినాయి గదే."

"నా బాధ నా కోసం కాదక్కా. చివరి పాట నీదే. పలకలు రుద్దుతా నువ్వు కూనిరాగం తీస్తుంటే నీకు తెలీకుండా పట్టినా. అట్ట మీద నీ పేరు ముందు రాయిద్దామనుకున్నా."

కాఫీ ఇచ్చి పంపించినా.

అది పోయినాక క్యాసెట్టు తీసి మొదటిసారి చివరిదాకా విన్నా. నా పాటలయిపోయినాక కొంచెం చెరగని ముక్క మిగిలుంది. పలకల చప్పుడు, దాని వెనక ఎవరో కూనిరాగం. ఎవరో ఏంది, నేనే. చర్చిలో కూడా నేనెప్పుడూ అంత బాగా పాడలేదు.

దానికింకా చెప్పలేదు. చెప్తానో లేదో తెలీదు. ఇన్నేండ్లయినా ఆ సెల్లోటేపు ఊడలేదు. నీకు చెప్పినాను గదా, ఊపిరి కొంచెం ఆడుతోంది.