నాయనమ్మ పుట్టిన ఊరు

నాన్న పోయాక ఆయన పనుల్లో ఒకటి నా మీద పడింది. తన చెల్లెలికి, అంటే మా అత్తయ్యకి, వాళ్ళమ్మ పుట్టిన ఊరు చూపిస్తానని ఆయన ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. నాయనమ్మ పోయేనాటికి అత్తయ్య పసిపిల్ల. తల్లి ముఖం గుర్తులేదు, ఊరైనా చూడాలని ఆవిడ కోరిక. రెండువేల సంవత్సరం దాటేసరికి ఆవిడకి కంటిచూపు తగ్గడం మొదలైంది. ఆలస్యమైతే ఊరు దొరికినా ఆవిడ చూడలేకపోవచ్చు.

నాయనమ్మ పెళ్ళి అమలాపురం చర్చిలో జరిగిందని మాత్రం మాకు తెలుసు. పాస్టరుగారు బీరువా తీసి పాత పెళ్ళిళ్ళ పుస్తకం ఇచ్చారు. పెళ్ళికూతురు పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ఊరు రాజోలు దగ్గరిది. ఇంత తేలికా అనిపించింది. ఆ వారమే అత్తయ్యని బస్సులో తీసుకెళ్ళాను.

అక్కడి చర్చి అరుగు మీద కూర్చున్న పెద్దాయనకి నాయనమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు తెలుసు. నాయనమ్మ ముగ్గురిలో పెద్దదని, తమ్ముళ్ళిద్దరూ రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదని చెప్పాడు. కానీ అత్తయ్య అడిగినదానికి తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ పెరిగేరండి. ఇక్కడే పుట్టేరని మాత్రం మావాళ్ళెవరూ అనగా నేను వినలేదండి."

బాప్తిస్మాల పుస్తకం చూద్దామంటే అది ఎప్పుడో చెదలు పట్టి పోయిందట. తిరుగు బస్సులో నన్ను నేనే తిట్టుకున్నాను. రికార్డులో ఉన్నది నివాసం, పుట్టుక కాదు. ఈ తేడా ముందే తట్టాల్సింది. కిటికీ పక్కన కూర్చున్న అత్తయ్య ఉన్నట్టుండి నవ్వింది.

"ఏమే, నా పెద్దాణ్ణి నేనెక్కడ కన్నాను?"

"మా ఇంట్లో."

"అమ్మ లేకపోయినా సరే, తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని మీ నాన్న పట్టుబట్టి తీసుకొచ్చేడు. మీ అమ్మే నాకు పథ్యం వండి పెట్టింది. మరి మా అమ్మ పెద్దపిల్ల అన్నాడు కదా ఆ చర్చి దగ్గరి పెద్దాయన. వాళ్ళమ్మ మాత్రం అత్తారింట్లో కంటుందా?"

అంటే మేము వెతకాల్సింది నాయనమ్మ పెళ్ళి కాదు, వాళ్ళమ్మ పెళ్ళి. నాకు అంత ఉత్సాహం కలగడం నాన్న పోయాక అదే మొదటిసారి. మళ్ళీ రాజోలు వైపు వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. పెళ్ళి వరుడి చర్చిలో చేసేవారు కాబట్టి ఆ నమోదు అక్కడి పెళ్ళిళ్ళ పుస్తకంలోనే ఉండాలి. ఉంది. సిరా వెలిసిపోయింది గాని చదవగలిగాను. పెళ్ళికూతురి ఊరు ఐ.పోలవరం వైపుది. అక్కడి చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారని పక్కన రాసి ఉంది. కాబట్టి ఆమె సొంతవాళ్ళు ఉన్నది అక్కడే.

నాయనమ్మ అక్కడే పుట్టిందనడానికి ఇది రుజువు కాదని నాకు తెలుసు. ఆ ఏడు కాన్పుకి పడవ దొరకకపోయి ఉండవచ్చు, వరద వచ్చి ఉండవచ్చు. ఆ ఊరికి బయలుదేరే ముందు అత్తయ్యకి ఆ మాట చెప్పాను.

"ఆఁ, విన్నాను. చెప్పులు ఇటియ్యి," అంది.

ఆటో దిగాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కొంచెం నడిచింది. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, అవతల రొయ్యల చెరువులు. పాత చర్చి లేదు, దాని చోట కొత్తది కట్టారు. మా వాళ్ళ పేర్లు చెబితే ఎవరికీ తెలియలేదు. ఒక ఇంటి ముందు చేపలు కడుగుతున్న ఆవిడ లేచి, చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఎవరి తాలూకండి?"

నేను రికార్డు సంగతి చెప్పబోయాను. అత్తయ్య నా చెయ్యి వదిలేసింది.

"మా అమ్మ ఇక్కడే పుట్టిందండి."

"అయితే మా ఊరి ఆడపడుచు కూతురే కదండీ మీరు. ఎండలో నిలబడ్డారేంటి, లోపలికి రండి. అన్నం తిని వెళ్దురుగాని."

మా ఊళ్ళో ఎవరు ఏం పెట్టబోయినా ఇప్పుడే తిన్నామని చెప్పే మనిషి మా అత్తయ్య. ఆ రోజు ఆ మాట అనలేదు. గుమ్మం తడుముకుంటూ లోపలికి వెళ్ళి, పీట వేయకముందే కింద కూర్చుంది.