మైపాడు ఇసుకలో మా అధ్యక్షుడు

మా కాలేజీ కరస్పాండెంటు గారి గదిలో లెక్చరర్లకు కుర్చీ వేసే ఆచారం లేదు. ఎంత సీనియరైనా నిలబడే చెప్పుకోవాలి. అరవైలలో అధ్యాపక సంఘమంటే యాజమాన్యానికి గిట్టేది కాదు కనక, మేం ఆదివారాలు మైపాడు సముద్రపొడ్డున ఇసుకలో మీటింగు పెట్టుకునేవాళ్ళం. అక్కడ ఎవరైనా ఆవేశంగా లేచి మాట్లాడబోతే, మా అధ్యక్షుడైన లాజిక్ మేష్టారు పంచో ప్యాంటో చేతికందింది పట్టుకుని కిందికి లాగేవారు.

“కూర్చోండి సార్. నిలబడేది ఆడ ఎట్టా తప్పదు.”

కోప్పడుతున్నట్టు కాదు, అలిసిపోయినట్టు అనేవారు.

ఏటా వేసవికి ముందు చిన్న లెక్చరర్లను తీసేసి, కాలేజీ తెరిచాక నచ్చినవాళ్ళనే మళ్ళీ వేసుకునేవారు. ఆ ఏడు, సంఘంలో గట్టిగా మాట్లాడే బాటనీ లెక్చరరుకు పిలుపు రాలేదు. సరిగ్గా అప్పుడే, ఎన్నేళ్ళుగానో అడుగుతున్న కుర్చీ ఒకటి పాలకవర్గంలో మాకిచ్చారు. మా తరఫున మొదటి సమావేశానికి మేష్టారు వెళ్ళారు.

సాయంత్రం ఇసుకలో ఎదురుచూస్తున్న మా దగ్గరికి చెప్పులు చేత పట్టుకుని వచ్చారు.

“ఏమైంది మేష్టారూ?” అన్నాను.

“కూర్చోబెట్టినారు. కాఫీ ఇచ్చినారు. ఈ బాటనీ సార్ సంగతి ఎత్తితే, అది నిన్ననే మా ఇంట్లో అనుకున్నాం గదా అని తక్కిన మెంబర్లతో అన్నాడు కరస్పాండెంటు.”

“మరి మీరేమన్నారు?”

“ఏమంటాను సార్. కాఫీ తాగినాను.”

బాటనీ ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. “కూర్చోండి మేష్టారూ.”

మేష్టారు సముద్రం వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. ఆయన పంచె పట్టుకుని కిందికి లాగడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు.