ఆమె చెప్పిన చోటే గ్యాసు దొరికింది

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకి బయల్దేరి ఆటోలో ఉన్నాను. "పొద్దున్నే కాఫీ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, కుర్చీలో కూర్చుందమ్మా. అంతే," అన్నాడు. "మనల్నేం ఇబ్బంది పెట్టలేదు," అని కూడా అన్నాడు. ఆ రెండో మాట నాకు ఇంకా మింగుడుపడలేదు. బతికినన్నాళ్లూ ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషిని చివరి రోజుల్లో ఇబ్బందిగానే చూసిన ఇంట్లో ఆమె పోయింది.

గుణదలలో చదువుకున్నవాళ్లకి ఆమె గుర్తుండే ఉంటుంది. మిషన్ స్కూల్లో జాగ్రఫీ టీచరు. క్లాసులోకి వస్తూనే బోర్డు మీద మన తీరం మొత్తం ఒకే గీతలో, సుద్దముక్క ఎత్తకుండా గీసేది. ఇంట్లోనూ అదే పని. అన్నాల బల్ల మీద నీళ్లు ఒలికితే తుడవనిచ్చేది కాదు. ఆ నీళ్లలో వేలు పెట్టి నది గీసేది, పాయలు గీసేది. "ఇదిగో హంసలదీవి. ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసింది. మరి అది మోసుకొచ్చిన మట్టి ఏమైందే?" అని నన్ను అడిగేది. నాకు ఆకలేస్తుంటే మట్టి గురించి ఏం చెప్తాను? తనే చెప్పేది. మట్టి సముద్రం కిందికి పోయింది, పొర మీద పొర పేరుకుంది, ఆ పొరల మధ్య గ్యాసు పుట్టింది అని. "ఊరంటే పైన కనపడేది కాదే అమ్మాయ్. కింద ఏముందో అడగాలి," అనేది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. జీతంలో మిగిల్చుకుని మేరీమాత కొండ దిగువన చిన్న డాబా కట్టుకుంది. పై వాటాలో లెక్కల టీచర్ గారు ఉండేవారు. అదే స్కూల్లో పనిచేసిన ముస్లిం ఆవిడ. భర్త పోయాక అత్తయ్యే బలవంతాన పైకి తెచ్చి పెట్టుకుంది. సాయంత్రం నమాజు కాగానే ఆవిడ కిందికి దిగేవారు. ఇద్దరూ టీ తాగుతూ టీవీలో వాతావరణం వార్తలు చూసేవారు. వాయుగుండం ఎటు పోతోందో టీవీవాళ్లు తప్పు చెప్పారని అత్తయ్య గొడవ పెట్టుకునేది, టీవీతోనే. "నువ్వు మట్టిని నమ్ముకో, నేను అంకెల్ని నమ్ముకుంటా," అని లెక్కల టీచర్ గారు నవ్వేవారు. ఇద్దరూ రిటైరయ్యారు. అంతా బాగానే ఉంది.

అప్పుడు ఆమె పాత విద్యార్థి ఒకతను స్వీట్ల డబ్బాతో ఇంటికి వచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ల ఆఫీసు పెట్టుకున్నాడు. మేరీమాత ఉత్సవాల్లో వాలంటీరు బ్యాడ్జీ తగిలించుకుని అందరికీ కనపడేలా తిరిగే మనిషి. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"మీ పాఠమే గదండీ టీచర్ గారూ ఇది," అన్నాడు. "మన మట్టి కింద గ్యాసుందని చెప్పింది మీరేగా. ఇప్పుడు సముద్రంలో వరసగా మూడు బావులు వేస్తున్నారు. పెద్ద కంపెనీతో పాటు ఒక చిన్న కంపెనీకి అందులో వాటా ఉంది. పెద్దదాని షేరు కొంటే ఏం లాభమండీ, బావిలో గ్యాసు పడ్డా ధర కదలదు. చిన్నదైతే ఒక్క బావి చాలు."

దురాశ అన్నారు తర్వాత అందరూ. ఆమెకి ఆశ ఉందేమో, కాదనను. కానీ ఆమె ఆ రోజు ఎంతొస్తుందని అడగలేదు. "ఎక్కడ తవ్వుతున్నారు? నీళ్లెంత లోతు?" అని అడిగింది. అతను మ్యాపు పరిచాడు. అత్తయ్య కళ్లద్దాలు తెచ్చుకుని దాని మీదికి వంగింది. బోర్డు మీద జీవితమంతా గీసిన గీత అందులో ఉంది. ఆ గీతకి అవతల, పిల్లలకి ఎప్పుడూ చూపించలేని నీలం రంగు మీద, మూడు చుక్కలున్నాయి. ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆ చుక్కల మీద పెట్టింది.

ఆ తవ్వకాల కాలమంతా ఆమె పరీక్షలు రాస్తున్న పిల్లలా ఉండేది. సముద్రంలో తవ్వే రిగ్గు ఎక్కడుంది, ఎంత లోతుకి వెళ్లింది అని ఫోన్లో కంపెనీ ప్రకటనలు చదువుకునేది. మొదటి బావిలో గ్యాసు పడలేదు. షేరు కుప్పకూలింది. అత్తయ్య బెదరలేదు. "ఒక పిల్లాడు ఫెయిలైతే స్కూలు మూసేస్తామా?" అంది. రెండో బావిలో గ్యాసు పడింది.

"అమ్మాయ్, పడిందే! నేను చెప్పిన పొరలోనే పడిందే!" అని ఫోన్లో అరిచింది. వీధంతా కేకు పంచింది. నేను వెళ్లేసరికి లెక్కల టీచర్ గారు చేతిలో కేకు ముక్క పట్టుకుని, తినకుండా, ఒకటే మాట అంటున్నారు. "అమ్మెయ్. సగమన్నా అమ్మెయ్. పాఠం నిజమైంది కదా, ఇంకేం కావాలి నీకు?"

ఆమె కొంచెం ఊగింది. అది నాకు తెలుసు, ఎందుకంటే నన్ను వెంటబెట్టుకుని బెంజ్ సర్కిల్ ఆఫీసుకి వెళ్లింది. "అమ్మేయమంటావా?" అని అతన్ని అడిగింది.

"ఇప్పుడమ్మితే పాపమండీ టీచర్ గారూ. మూడో బావి ఉంది. పైగా కంపెనీ పాత షేర్‌హోల్డర్లకి తక్కువ ధరకి కొత్త షేర్లిస్తోంది. మూడో బావి ఖర్చు కోసం. ఇలాంటిది మళ్లీ రాదు."

"నువ్వు అమ్మావా?"

"నావన్నీ అలాగే ఉన్నాయండీ. మేరీమాత మీద ఒట్టు."

అత్తయ్య అంతకు మించి ఏం అడుగుతుంది? గుణదలలో పుట్టి పెరిగిన మనిషి. ఆ మాత మీద ఒట్టేసి అబద్ధమాడే వాడుంటాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ కొత్త షేర్ల కోసం ఇల్లు బేరం పెట్టింది. లెక్కల టీచర్ గారికీ ఆమెకీ నిజమైన పోట్లాట జరిగింది అప్పుడే. "ఇల్లమ్ముకుని సముద్రంలో బావి తవ్వుతావా?" అని ఆవిడ ఏడ్చారు. "ఉందని తెలిసి కూడా ఊరుకోమంటావా?" అని అత్తయ్య అరిచింది. ఇల్లు అమ్మేశాక ఇద్దరూ ఒక చిన్న అద్దె వాటాలోకి మారారు. మారిన కొన్నాళ్లు మాట్లాడుకోలేదు గానీ, టీ మాత్రం కలిసే తాగేవారు.

మూడో బావిలోనూ గ్యాసు పడింది. రెండోదానికంటే ఎక్కువే పడింది. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి మీకు. ఆమె తప్పు కాలేదు. మన మట్టి గురించి జీవితమంతా పిల్లలకి చెప్పింది అక్షరాలా నిజమైంది.

అయితే బావి ఖర్చులో ఎవరి వాటా వాళ్లు కట్టాలి. కట్టలేకపోతే వాటా వదులుకోవాలి. ఒప్పందం అది. చిన్న కంపెనీ కట్టలేకపోయింది. అత్తయ్యలాంటి వాళ్లు కొత్త షేర్ల కోసం ఇచ్చిన డబ్బంతా కంపెనీ పెద్దలు తమ సొంత సంస్థలకే సలహాల ఫీజులని, అద్దెలని మళ్లించేసుకున్నారు. సముద్రం దాకా వెళ్లిందేమీ లేదు. బావిలో వాటా పెద్ద కంపెనీకి పోయింది. చిన్న కంపెనీ షేరు ఉత్త కాగితమై మిగిలింది. గ్యాసు ఉంది, ఆమెది కాదు.

బెంజ్ సర్కిల్ ఆఫీసు అప్పటికే కింది అంతస్తు నుంచి పైకి మారింది. అద్దాల గది, ఏసీ. అత్తయ్య నిలబడే అడిగింది. "నిజం చెప్పు. నువ్వు అమ్మావా?"

అతను టీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు. "రెండో బావి వార్త రాగానే అమ్మేసి దిగిపోయానండీ," అన్నాడు చివరికి. "నాకూ పిల్లలున్నారు కదండీ. వ్యాపారం వేరు, గురుభక్తి వేరు టీచర్ గారూ."

ఆమె వెనక్కి తిరిగి బయటికి నడిచింది. మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ నా చెయ్యి పట్టుకుని నడవలేదు.

చిన్న కంపెనీ షేర్‌హోల్డర్ల మీటింగు హైదరాబాద్‌లో హోటల్లో పెడితే వెళ్తానని పట్టుబట్టింది. నేనూ వెళ్లాను. గుమ్మంలో టిఫిన్ పొట్లాలు పంచుతున్నారు. స్టేజీ మీద ఛైర్మన్ మెత్తగా మాట్లాడుతున్నాడు. అత్తయ్య మైకు అడిగి తీసుకుంది. క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది.

"మా డబ్బు ఏ బావిలో పోశారో చెప్పండి," అంది.

"అమ్మా, చమురు వ్యాపారమంటేనే రిస్కు. అది తెలిసే కదా మీరు కొన్నారు?"

"రిస్కు సముద్రం అడుగున ఉందన్నారండీ. మీ ఆఫీసులో ఉందని చెప్పలేదు."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మైకు ఆగిపోయింది. ఒక కుర్రాడు వచ్చి మర్యాదగా ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. తీర్మానాలన్నీ చేతులెత్తి ఆమోదించారు. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు మొహం పెట్టి, "మట్టి నన్ను మోసం చేయలేదే," అంది. "అది చెప్పినట్టే చేసింది."

ఆ తర్వాత అద్దె కూడా బరువైపోయింది. లెక్కల టీచర్ గారిని ఆవిడ చెల్లెలు తీసుకెళ్లింది. అత్తయ్య కంకిపాడులో మా ఇంటికి వచ్చింది. మేడ మీద గది ఇచ్చారు. అన్నం పెట్టారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ వంటింట్లో సిలిండరు అయిపోయిన ప్రతిసారీ మా అన్నయ్య, "అత్తయ్యనడగండి, సముద్రం నిండా ఉందంట," అనేవాడు. అమ్మ మూతికి చెంగు అడ్డం పెట్టుకునేది. నాన్న పేపరు చాటున ఉండేవాడు. అత్తయ్య కూడా నవ్వేది, అదే నాకు భరించలేనిది. మొదట్లో వీధి పిల్లలు కొందరు మ్యాపులు నేర్చుకోవడానికి వచ్చేవారు. షేర్ల టీచరంట అని ఎవరో అన్నాక, రావడం మానేశారు. బల్ల మీద నీళ్లు ఒలికితే అమ్మ వెంటనే గుడ్డతో తుడిచేసేది. అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండేది.

గుణదలలో సమాధి చేశాం. ఆ పాత విద్యార్థీ వచ్చాడు. పెద్ద పూలచక్రం తెచ్చాడు, దాని రిబ్బను మీద అత్తయ్య పేరు కంటే అతని ఆఫీసు పేరు పెద్దది. ఫాదర్ గారు రెండు మాటలు చెప్పమంటే ముందుకొచ్చి, "ఈ భూమిని ఎలా చూడాలో నాకు నేర్పింది టీచర్ గారే," అని జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. అప్పటిదాకా గోడ పక్కన తలమీద కొంగు కప్పుకుని నిలబడిన లెక్కల టీచర్ గారు ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి అతని ఎదురుగా నిలబడ్డారు.

"ఆ ఒట్టు సంగతి కూడా చెప్పు బాబూ," అన్నారు. "అందరూ వింటారు."

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నాడతను.

"టీచర్ గారూ, ఇది సమయం కాదండీ," అన్నారు నలుగురూ. ఆవిణ్ణే పక్కకి తీసుకెళ్లారు. నాన్న వెళ్లి అతనితో చెయ్యి కలిపాడు, వచ్చినందుకు.

కొన్నాళ్లకి లెక్కల టీచర్ గారు ఫోన్ చేశారు. "ఆ గ్యాసు ఒడ్డుకొచ్చే చోటు ఉందంటగా. ఒకసారి చూపిస్తావా అమ్మా?" అని అడిగారు. కారు మాట్లాడి తీసుకెళ్లాను. సరుగుడు తోటలు దాటాక తీరంలో ముళ్లకంచె, లోపల పెద్ద పెద్ద గొట్టాలు, మిగిలిన గ్యాసుని కాల్చేసే ఎత్తైన గొట్టం ఒకటి. పెద్ద కంపెనీ బోర్డు. మిట్టమధ్యాహ్నం. ఆవిడ కంచె పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏదీ? మంట వస్తుందన్నారే?"

"పైన చూడండి."

కాపలా మనిషి వచ్చి, "ఇక్కడ ఆగకూడదండీ, బండి తియ్యండి," అన్నాడు. ఆవిడ కదల్లేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు. ఆ ఎండలో మంటకి రంగు లేదు. గొట్టం చివర గాలి మాత్రం వణుకుతోంది. దాని వెనక సముద్రం కూడా వణుకుతున్నట్టే ఉంది.