ఎక్కిన కాడనే దింపిన రైలు

వరంగల్ దగ్గరి ఒక మ్యూజియంలో పాత రైళ్ల ఉత్సవం చూద్దామని కాకినాడ నుంచి వెళ్లాను. ఆవిరి ఇంజను రెండు పెట్టెలతో ఆవరణ చుట్టూ తిరుగుతోంది. నేనూ ఎక్కాను. నా పక్కన రేగొండ నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. వాళ్ల ఊరికి రైలు లేదట. ఆమె రైలెక్కడం అదే మొదటిసారి.

బండి బయలుదేరిన చోటే ఆగింది. అందరూ దిగినా ఆవిడ కిటికీ కడ్డీ వదల్లేదు.

"ఎక్కిన కాడనే దిగుడేంది బిడ్డా? రైలెక్కితే ఎవరింటికన్న పోవాలె గద!"

"నాకిక్కడ తెలిసినవాళ్లు లేరు మామ్మగారూ."

"నేను లేనా? మా ఇంటికి రా. జర దూరమే, బస్సుల పోదాం."

ఊరూ పేరూ అడగకుండానే పిలిచింది. మొహమాటపడుతూనే వెళ్లాను. వాకిట్లో కాళ్లకు నీళ్లిచ్చి, లోపలున్న కోడలికి కేకేసింది:

"లచ్చవ్వా, రైలు సుట్టమొచ్చిండు. బువ్వ పెట్టు!"